గౌతమి మొగ దగ్గర కలిసే నీళ్లు: సెలైనిటీ ఉండగా ఆక్సిజన్-18 ఎందుకు, ఎలా

తర్వాత చదివేవాళ్ల కోసం ముందు మీ ప్రశ్న నా మాటల్లో. గౌతమీ గోదావరి ఎస్టువరీలో (నది సముద్రంలో కలిసే మొగ ప్రాంతంలో) నది నీరు, సముద్రపు నీరు ఎలా కలుస్తున్నాయో ఏడాది పాటు చూడాలి. గైడ్ గారు ఆక్సిజన్-18 (నీటిలోని ఆక్సిజన్‌లో బరువైన రకం) కూడా కొలవమన్నారు. చేతిలో సెలైనిటీ (కిలో నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పో) కొలిచే మీటరు ఉండగా ఈ ఖర్చెందుకన్నది మీ మొదటి అనుమానం. నవంబరులో తీసిన శాంపిల్స్‌లో సెలైనిటీ 20 దాటినవన్నీ మిక్సింగ్ గీతకి (ప్లాట్‌లో నది విలువనీ సముద్రం విలువనీ కలిపే గీతకి) కింద పడ్డాయి, తప్పు ల్యాబ్‌దా శాంపిల్‌దా అన్నది రెండోది. అసలు శాంపిలింగ్ ఎలా ప్లాన్ చేయాలన్నది మూడోది.

మొదటిదానికి పొట్టి జవాబు ఇది. ఒక బాటిల్ నీళ్లలో మంచినీరు ఎంతుందో సెలైనిటీ చెప్తుంది. ఆ మంచినీరు భద్రాచలం మీదుగా వచ్చిన వరదా, కోనసీమ డ్రెయిన్లలోంచి దిగిన చేల నీరా, నిన్న రాత్రి పడ్డ వానా అంటే చెప్పలేదు. ఉప్పు లెక్కలో మూడూ దాదాపు సున్నాయే. ఐసోటోపు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రూపం) లెక్కలో మాత్రం మూడింటికీ మూడు విలువలుంటాయి. ఆ తేడా మీ ప్రశ్నకి అక్కర్లేకపోతే నిజంగానే ఖర్చు దండగ. సెలైనిటీతో ఆగిపోండి, థీసిస్‌కి లోటేమీ రాదు.

అక్కర అనుకుంటే ముందు కాస్త పునాది. ఆక్సిజన్‌కి స్థిరమైన ఐసోటోపులు మూడు: 16, 17, 18. ప్రకృతిలో 99.76 శాతం 16వే. 18 వాటా 0.2 శాతం, అంటే ఐదువందల పరమాణువులకి ఒకటి చొప్పున. ఇది రేడియోధార్మికం కాదు, కాలంతో తరిగిపోదు. మనం రిపోర్టు చేసేది ఆ నిష్పత్తిని నేరుగా కాదు, వియన్నాలో నిర్ణయించిన ప్రామాణిక సముద్రజలంతో (అందరూ వీస్మో అంటారు) పోలిస్తే వెయ్యికి ఎంత ఎక్కువో ఎంత తక్కువో. అదే డెల్టా ఓ-18, కొలమానం పర్ మిల్. సముద్రపు నీరు సున్నాకి అటూ ఇటూగా ఉంటుంది. వాన నీరు సాధారణంగా మైనస్‌లో ఉంటుంది, ఎందుకంటే 18 ఉన్న బరువైన నీటి అణువు ఆవిరవడానికి బద్ధకిస్తుంది, మేఘంలోంచి మాత్రం ముందే జారిపోతుంది. మేఘం తీరం నుంచి భూభాగం లోపలికి పోయేకొద్దీ, పైకి లేచేకొద్దీ, దాంట్లో మిగిలింది తేలిక నీరే. కుండపోతగా కురిసినప్పుడు కూడా వాన ఇంకా తేలికవుతుంది.

దీనికి ఎదురు నడిచేది నిలవ నీరు. రిజర్వాయరులోనో చెరువులోనో నీరు ఎండకి ఆవిరైతే తేలిక అణువులు ముందు పోయి, మిగిలిన నీరు బరువెక్కుతుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచే గోదావరి మీద జాయక్‌వాడీ, శ్రీరాంసాగర్ లాంటి పెద్ద జలాశయాలున్నాయి. వాటిల్లో వేసవంతా నిలిచిన నీటి ముద్ర, బస్తర్ అడవుల్లోంచి ఇంద్రావతి మోసుకొచ్చే ఆగస్టు వరద ముద్ర ఒకటి కావు. ఇక్కడొక చిన్న సంగతి చాలామందికి తట్టదు: పైరు వేళ్లతో పీల్చి ఆకుల్లోంచి వదిలే నీరు మిగతా నీటి డెల్టాని పెద్దగా మార్చదు. మార్చేది తెరిచి ఉన్న నీటి ఉపరితలం మీది ఆవిరి. కాబట్టి వరి చేనులో నీరు ఎంత బరువెక్కిందన్నది పైరు ఎంత తాగిందన్నదాని కన్నా మడిలో నీరు ఎన్నాళ్లు నిలిచిందన్నదాని మీద ఆధారపడుతుంది.

మిక్సింగ్‌కి ఆక్సిజన్-18 అంత అనువుగా ఉండటానికి కారణాలు రెండు. ఒకటి, అది ఏదో నీటిలో కరిగి ఉన్న పదార్థం కాదు, నీరే అది. నైట్రేటుని ఆల్గే తినేస్తుంది, సిలికేటుని డయాటమ్‌లు లాగేస్తాయి, ఫాస్ఫేటు బురదకి అంటుకుపోతుంది. నీటిలోని ఆక్సిజన్‌ని ఎస్టువరీలో అంత మోతాదులో మార్చగలిగేది ఆవిరి ఒక్కటే. రెండోది, లీటరు నది నీటిలోనూ లీటరు సముద్రపు నీటిలోనూ ఆక్సిజన్ పరిమాణం దాదాపు సమానం. అందుకే రెండు నీళ్లు కలిస్తే సెలైనిటీకి ఎదురుగా వేసిన డెల్టా ఓ-18 సరళరేఖలో వస్తుంది. కరిగిన కార్బన్ ఐసోటోపులకి ఈ సుఖం లేదు. అక్కడ రెండు నీళ్లలో గాఢత వేరు కాబట్టి మామూలు మిక్సింగ్ కూడా వంపు తిరిగే వస్తుంది. కార్బన్ ప్లాట్లు చూసి అలవాటైనవాళ్లు ఆక్సిజన్ ప్లాట్‌లో వంపుని కూడా మామూలే అనుకుంటారు. అలా వదిలేయకండి, ఆక్సిజన్‌లో వంపు కనిపిస్తే దానికో కారణం ఉంటుంది.

గీత వాలు అన్నిచోట్లా ఒకటి కాదు. 1965లో క్రెయిగ్, గోర్డన్ ఇచ్చిన లెక్కల్లో ఉత్తర అట్లాంటిక్‌లో సెలైనిటీ ఒక్కటి పెరిగితే డెల్టా 0.61 పెరుగుతుంది, వ్యాపార పవనాల ప్రాంతంలో 0.11 మాత్రమే. మొదటిచోట సముద్రంలో కలిసేది ధ్రువాల దగ్గరి బాగా తేలికైన మంచు, వాన నీరు. రెండోచోట ఆవిరీ వానా కలిసి ఆడే ఆట. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఎవరో బంగాళాఖాతం నడిమధ్యలో వేసిన సమీకరణం తెచ్చి గౌతమి మీద పెట్టి 'ప్రచురిత విలువతో సరిపోయింది' అని రాసేవాళ్లున్నారు. ఆ గీత మీ నదిది కాదు.

ఇప్పుడు లెక్క. ఈ అంకెలు గోదావరి కొలతలు కావు, పద్ధతి చూపడానికి నేను పెట్టినవి. సముద్రం: సెలైనిటీ 34, డెల్టా +0.3. నది: సెలైనిటీ సున్నా, డెల్టా −4. డ్రెయిన్ నీరు: సెలైనిటీ సున్నా, ఎండకి బరువెక్కి డెల్టా 0. మీ శాంపిల్ సెలైనిటీ 20, డెల్టా −0.9 అనుకుందాం.

సెలైనిటీ ప్రకారం మంచినీటి వాటా 34లోంచి 20 తీసి 34తో భాగిస్తే 0.41. సముద్రం వాటా 0.59. అంతా నది నీరే అయితే డెల్టా ఎంత రావాలి? 0.59ని +0.3తో, 0.41ని −4తో గుణించి కలిపితే −1.47. మీకొచ్చింది −0.9. అంటే గీతకి పైన పడింది, ల్యాబ్ పొరపాటుకి అందనంత ఎత్తులో. ఇప్పుడు వెనక్కి రండి. −0.9లోంచి సముద్రం వంతు 0.18 తీసేస్తే −1.08. దాన్ని 0.41తో భాగిస్తే ఆ మంచినీటి సగటు డెల్టా −2.6. నది −4, డ్రెయిన్ 0 కాబట్టి మంచినీటిలో 65 శాతం నదిది, 35 శాతం డ్రెయిన్లది. మొత్తం శాంపిల్‌లో నది 27 శాతం, డ్రెయిన్ 14 శాతం, మిగతా 59 సముద్రం. రెండు కొలతలతో మూడు నీళ్లని విడదీశాం. ఆర్కిటిక్‌లో నది నీటినీ కరిగిన సముద్రపు మంచునీ విడదీయడానికి 1984లో ఓస్ట్‌లుండ్, హట్ వాడింది ఈ లెక్కే. మీ దగ్గర మంచు బదులు రొయ్యల చెరువులున్నాయి, అంతే తేడా.

లెక్క ఇంత తేలికగా ఉండటమే ప్రమాదం. కొలతలో 0.1 పర్ మిల్ తేడా వచ్చిందనుకోండి. సెలైనిటీ 20 దగ్గర మంచినీటి వాటా 0.41 కాబట్టి ఆ 0.1 కాస్తా మంచినీటి డెల్టాలో 0.24 అవుతుంది. నదికీ డ్రెయిన్‌కీ మధ్య ఎడం 4 కనుక పంపకంలో తప్పు 6 శాతం, పర్లేదు. అదే సెలైనిటీ 32 దగ్గర మంచినీటి వాటా 0.06 మాత్రమే. అదే 0.1 అక్కడ 1.7 అవుతుంది, పంపకంలో 40 శాతం పైగా తప్పు. అంటే సముద్రం వైపు శాంపిల్స్‌లో 'నది ఇంత, డ్రెయిన్ ఇంత' అని రాయడం జోస్యం చెప్పడమే. ఇంకోటి గమనించండి. నదికీ సముద్రానికీ ఎడం నాలుగు పర్ మిల్ అయితే, 0.1 చొప్పున ఆక్సిజన్‌తో మీరు చూడగలిగేది నలభై మెట్లు. మంచి కండక్టివిటీ మీటరు (సెలైనిటీ చూపేది) వేల మెట్లు చూపిస్తుంది. మిక్సింగ్ నిష్పత్తి కోసం ఎప్పుడూ సెలైనిటీనే వాడండి. మూలం ఎక్కడిదో తెలుసుకోవడానికి మాత్రమే ఆక్సిజన్‌ని అడగండి.

పై లెక్కంతా నిలబడేది ఎండ్‌మెంబర్ల మీద, అంటే కలవక ముందు ఒక్కో నీటి అసలు విలువ మీద. నా అనుభవంలో ఈ రకం పనులు చెడేది అక్కడే. ఎస్టువరీ పొడవునా బోలెడు శాంపిల్స్ తీస్తారు, నదికి ఒక్క బాటిల్, సముద్రానికి ఒక్క బాటిల్. వానాకాలపు నదుల్లో ఇది అసలు చెల్లదు. గోదావరి విలువ అంటూ ఒక అంకె లేదు, జూన్ గోదావరి వేరు, ఆగస్టు గోదావరి వేరు, జనవరి గోదావరి వేరు. అందుకే సీజన్ల వారీగా చెప్తాను.

ధవళేశ్వరం నుంచి మొదలుపెడదాం. ఆర్థర్ కాటన్ 1852 నాటికి కట్టించిన ఆనకట్ట ఉన్నచోటే ఇప్పుడు బ్యారేజీ ఉంది. దాని కింద ఎడమ పాయ గౌతమి, కుడి పాయ వశిష్ఠ. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలు మూడూ బ్యారేజీ పైనుంచే పోతాయి. అంటే నది నీరు మీ ఎస్టువరీకి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి గేట్లలోంచి నేరుగా. రెండోది కాలువల్లోంచి చేలల్లోకి, చెరువుల్లోకి పోయి, అక్కడ ఎండి, డ్రెయిన్లలో తిరిగి. రెండూ పుట్టుకలో ఒకే నీరు, పాయలోకి చేరేసరికి మాత్రం రెండు నీళ్లు.

జూలై, ఆగస్టు, సెప్టెంబరు. నిజంగా పెద్ద వరదలు ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నుంచి వస్తాయి. ఎర్రనీరు దిగిందంటే పులస కోసం గిరాకీ మొదలైనట్టే, మీకు మాత్రం ఎస్టువరీ లేనట్టే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర మట్టం 71 అడుగులు దాటింది చూడండి, అలాంటప్పుడు యానాం వంతెన మీంచి బకెట్ వేసినా వచ్చేది నది నీరే. మిక్సింగ్ అంతా మొగ దాటి సముద్రంలో జరుగుతుంది. ఆ రోజుల్లో పాయలో వరసగా శాంపిల్స్ తీయడం వృథా. మరి ఏం చేయాలి? ధవళేశ్వరం దగ్గర వారం వారం ఒక బాటిల్, వరద ఉధృతంగా ఉన్న వారంలో రోజు విడిచి రోజు. ఏడాది మొత్తంలో మీకు అన్నిటికన్నా విలువైన శాంపిల్స్ అవే.

అక్టోబరు, నవంబరు. మీ రెండో ప్రశ్న ఇక్కడుంది. మీరు గీత గీసింది మే నెలలో తీసిన సముద్రపు శాంపిల్‌తో. చిక్కంతా అందులోనే ఉందని నా గట్టి నమ్మకం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తూర్పు తీరపు ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. గంగా-బ్రహ్మపుత్రల వరద నీటిని తీరం వెంబడి ఒడిశా మీదుగా మన దాకా తెస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా అదే ప్రవాహం తిరగబడి ఉత్తరానికి పారుతుంది. కాబట్టి మేలో కాకినాడ ముందున్న సముద్రం ఉప్పగా, బరువుగా ఉంటుంది. నవంబరులో అదేచోట పైపొర సెలైనిటీ 30 కిందకి దిగడం వింతేం కాదు, పైగా దాన్ని పలచబరిచిన నీరు హిమాలయాల వైపుది, గోదావరి కన్నా బాగా తేలికది. అంటే మీ 'సముద్రం' అప్పటికే ఒక మిశ్రమం. అలాంటి నీటికి మే నెల గీత పెడితే ఉప్పు ఎక్కువున్న శాంపిల్స్ కింద పడతాయి. మీ శాంపిల్స్ సరిగ్గా అలాగే పడ్డాయి.

అయినా వెంటనే ఒప్పేసుకోకండి, ఇంకో అనుమానితుడున్నాడు: వాన. తుపాను వాన, వాయుగుండం వాన ఐసోటోపుపరంగా బాగా తేలికగా ఉంటాయి. శాంపిలింగ్‌కి ముందు రెండు మూడు రోజుల్లో అలాంటిది పడితే పైపొర శాంపిల్స్ కింద పడొచ్చు. ఇద్దర్నీ విడదీయడం కష్టమేం కాదు. వాన పాయంతటా పడుతుంది, కాబట్టి తక్కువ సెలైనిటీ శాంపిల్స్ కూడా కదలాలి. పైపొర కదిలి అడుగు నీరు కదలకపోవాలి. గంగా-బ్రహ్మపుత్ర నీరైతే సముద్రం వైపు కొస మాత్రమే కుంగుతుంది, నది వైపు గీత చెక్కుచెదరదు. మీ దాంట్లో 20 కింద ఉన్నవన్నీ గీత మీదే ఉన్నాయన్నారు కాబట్టి నేను సముద్రం వైపే వేలు చూపిస్తున్నా. ల్యాబ్‌ని తప్పుపట్టే ముందు, భైరవపాలెం బయట పడవ మీద పోయి నవంబరు సముద్రపు నీరు తెచ్చి కొలిపించండి. మళ్లీ వచ్చే నవంబరు దాకా ఆగాల్సొచ్చినా సరే.

డిసెంబరు నుంచి మే. బ్యారేజీ గేట్లలోంచి వదిలేది తగ్గి, ఎండలు ముదిరేసరికి దాదాపు ఆగిపోతుంది. ఉప్పు పైపైకి ఎక్కుతుంది. పాయలో అప్పటికి ఉన్న మంచినీటిలో కొంత ఎప్పుడో వచ్చి ఆగిపోయింది, కొంత డ్రెయిన్లలోంచి కొత్తగా దిగేది. రబీ కోతల తర్వాత కాలువలు కట్టేస్తే డ్రెయిన్ల తీరు కూడా మారుతుంది. ఏప్రిల్‌కి ముందు ఒకసారి, కాలువలు కట్టేశాక ఒకసారి వరస శాంపిల్స్ తీయగలిగితే, డ్రెయిన్ల వాటా ఎంతో నేరుగా కనిపిస్తుంది. నన్నడిగితే మీ థీసిస్ బలం అక్కడుంది. వరద గోదావరి గురించి చాలామంది రాశారు, ఎండాకాలం గౌతమిలోకి చెరువుల నీరు ఎంత దిగుతోందన్నది ఊళ్లోవాళ్లకీ మత్స్యకారులకీ నేరుగా పనికొచ్చే ప్రశ్న.

ఈ కాలంలో మిక్సింగ్‌తో పాటు పాయలోనే జరిగే ఆవిరి కూడా లెక్కలోకి వస్తుంది, ముఖ్యంగా కోరింగ మడ అడవుల ఉప్పుటేర్లలో, కాకినాడ అఖాతం లోతు తక్కువ చోట్ల. అక్కడ హైడ్రోజన్ మీకు సాయం. 1961లో క్రెయిగ్ చూపినట్టు ప్రపంచపు వాన నీరంతా దాదాపు ఒక గీత మీద ఉంటుంది: డెల్టా-డి (బరువైన హైడ్రోజన్ అయిన డ్యుటీరియంకి ఇదే రకం కొలత) అంటే ఎనిమిది రెట్ల డెల్టా ఓ-18 కి పది కలిపినంత. ఆవిరైన నీరు ఆ గీత వదిలి, నాలుగు నుంచి ఆరు వాలుతో కుడి పక్కకి జారుతుంది. డెల్టా-డిలోంచి ఎనిమిది రెట్ల డెల్టా ఓ-18 తీసేస్తే వచ్చేదాన్ని డి-ఎక్సెస్ అంటారు, ఆవిరైనకొద్దీ అది పడిపోతుంది. అయితే డి-ఎక్సెస్ తగ్గిందని చెప్పినంత మాత్రాన ఆవిరి పాయలో జరిగిందో, ముందే చెరువులో ఆవిరైన నీరు పాయలోకి దిగిందో తెలియదు. దానికి మళ్లీ సెలైనిటీని పిలవాలి. పాయలోనే ఆవిరైతే ఉప్పూ పెరుగుతుంది, బయటి సముద్రాన్ని మించిపోవచ్చు కూడా. మంచినీటి చెరువు నీరు దిగితే ఉప్పు తగ్గి డెల్టా పెరుగుతుంది. ఉప్పునీటి రొయ్యల చెరువులతో మాత్రం జాగ్రత్త. వాళ్లు పాయ నీరే తోడి, బోరు నీరు కలిపి, నెలల తరబడి ఎండబెట్టి వదులుతారు. దానికి 'సెలైనిటీ సున్నా' అన్న ఊహ పనికిరాదు. రైతుని అడిగి చెరువులోంచే ఒక బాటిల్ నింపుకోండి, ఎవరూ కాదనరు.

భూగర్భజలం గురించి కూడా అడిగారు. గోదావరి డెల్టా ప్రాంతంలో లోతు తక్కువ బావుల నీరు చాలావరకు కాలువల్లోంచీ చేలల్లోంచీ ఇంకిందే. దాని ఆక్సిజన్ ముద్ర నది ముద్రకి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి పాయ అడుగునుంచి భూగర్భజలం ఊరుతోందా అన్నదానికి ఆక్సిజన్-18 మంచి సాక్షి కాదు. ఆ పనికి రాడాన్-222, రేడియం వాడతారు.

ఇక శాంపిలింగ్. దూరం చూసి తీయకండి, సెలైనిటీ చూసి తీయండి. 'ప్రతి ఐదు కిలోమీటర్లకి ఒకటి' అని పెట్టుకుంటే ఒక పోటుకి శాంపిల్స్ అన్నీ 28కీ 33కీ మధ్య పడి మిగతా గీతంతా ఖాళీగా ఉంటుంది. పడవలో కండక్టివిటీ మీటరు పెట్టుకుని, సెలైనిటీ రెండో మూడో మారినప్పుడల్లా ఒక బాటిల్ నింపండి. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. వరస మొత్తం ఒకే పోటులోనో ఒకే పాటులోనో అయ్యేలా చూసుకోండి, లేకపోతే కోటిపల్లి నీరూ భైరవపాలెం నీరూ వేర్వేరు దశల్లో దొరుకుతాయి. పైపొరా అడుగూ రెండూ తీయాలి. వేసవిలో రెండింటికీ తేడా కొద్దిగానే ఉండొచ్చు, వరద తగ్గుతున్న రోజుల్లో మాత్రం తీపి నీరు పైన, ఉప్పు నీరు కింద విడివిడిగా నడుస్తాయి.

బాటిల్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే పడవ మీద అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. 30 లేదా 60 మిల్లీలీటర్ల గాజు సీసా, లేదా మందమైన హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ సీసా. మూతలో కోన్ ఆకారపు ఇన్సర్టు ఉన్నదైతే మేలు. ఆ చోటి నీటితోనే రెండుసార్లు కడిగి, నీటిలో ముంచి అంచు దాకా నింపి, నీటి కిందే మూత బిగించండి. తర్వాత తలకిందులు చేసి చూడండి, బుడగ కనిపిస్తే పారబోసి మళ్లీ నింపండి. బుడగలోకి నీరు ఆవిరవుతుంది, సీసా ఎండలో వేడెక్కి చల్లారినప్పుడల్లా మూత సందులోంచి కొంత పోతుంది, మిగిలిన నీరు బరువెక్కుతుంది. మీ ప్లాట్‌లో అది అచ్చం చెరువు నీరు దిగినట్టే కనిపిస్తుంది. మూత చుట్టూ పారాఫిల్మ్ గానీ ఎలక్ట్రికల్ టేపు గానీ చుట్టి, తడి గుడ్డ కప్పిన పెట్టెలో నీడన పెట్టండి. ల్యాబ్‌కి పంపే ముందు తూకం వేసి పెట్టుకున్నారంటే దారిలో ఏమైనా పోయిందా అన్నది తెలిసిపోతుంది. యాసిడ్ వద్దు, మెర్క్యూరిక్ క్లోరైడు వద్దు, అవి కరిగిన కార్బన్‌కి కావాలి, నీటి ఆక్సిజన్‌కి అక్కర్లేదు. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకండి, గాజు పగులుతుంది. ఎర్రనీరైతే 0.45 మైక్రాన్ ఫిల్టరు గుండా సిరంజితో నెట్టి నింపండి, తెరిచిన గరాటులో గంటలసేపు వడకట్టకండి.

ల్యాబ్‌లో రెండు దారులున్నాయి. పాతది ఎప్‌స్టైన్, మయేడా 1953లో వాడిన పద్ధతి: కార్బన్ డయాక్సైడుని నీటితో సమతౌల్యానికి తెచ్చి, ఆ వాయువుని మాస్ స్పెక్ట్రోమీటర్‌లో కొలవడం. ఉప్పు దాని జోలికి పెద్దగా రాదు. కొత్తది లేజర్ యంత్రం. త్వరగా అవుతుంది, హైడ్రోజన్ కూడా అదే విడతలో వస్తుంది. దీనికి ఉప్పే శత్రువు. నీరు ఆవిరయ్యే గదిలో ఉప్పు గడ్డకట్టి, కొన్ని శాంపిల్స్ అయ్యేసరికి విలువలు మెల్లగా జారడం మొదలవుతుంది. దానికి ఉప్పు పట్టే జాలీ పెడతారు, అది మారుస్తున్నారో లేదో అడగండి. ముందు శాంపిల్ జ్ఞాపకం తర్వాతి దానికి అంటుకోవడం ఇంకో జబ్బు. ఒక్కో శాంపిల్‌ని ఆరేడుసార్లు ఇంజెక్ట్ చేసి మొదటి రెండు మూడు పారేయాలి. సెలైనిటీ వరసలోనే శాంపిల్స్ పెట్టమని చెప్తే, పక్కపక్కనున్నవి దగ్గర విలువలు కాబట్టి ఈ బెడద తగ్గుతుంది, కానీ అప్పుడు యంత్రం జారుడు కూడా సెలైనిటీతో పాటే నడిచి, మీ గీత వాలుని చాటుగా మార్చేస్తుంది. నేనైతే శాంపిల్స్ కలగలిపి పెట్టి, మధ్యలో ప్రామాణికాలు (విలువ ముందే తెలిసిన నీళ్లు) దట్టంగా వేయించి, కొన్ని శాంపిల్స్‌ని వేరే పేరుతో రెండోసారి పంపిస్తాను. మన దేశంలో ఈ కొలతలు చేసే చోట్లకి కొదవ లేదు: అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ (భౌతిక పరిశోధన ప్రయోగశాల), రూర్కీ ఎన్‌ఐహెచ్ (జాతీయ జలవిజ్ఞాన సంస్థ), హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ). కాకినాడలో ఎన్‌ఐహెచ్ వాళ్ల నదీ డెల్టాల కేంద్రం ఉంది, విశాఖలో ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) ప్రాంతీయ కేంద్రం ఉంది. వెళ్లి మాట్లాడండి, మెయిల్ పెట్టి కూర్చోకండి.

ప్లాట్ చదివేటప్పుడు ఒక్క హెచ్చరిక. వేసవి శాంపిల్స్ అన్నీ 25కీ 34కీ మధ్య పడితే, ఆ చిన్న ముక్కకి గీత గీసి సున్నా సెలైనిటీ దాకా పొడిగించి 'నది విలువ ఇంత' అని రాయకండి. కొసన కొద్దిపాటి తప్పు ఆ చివరికి చేరేసరికి రెండు మూడు పర్ మిల్ అయిపోతుంది. పొడిగిస్తే వచ్చే అంకెని ధవళేశ్వరంలో నేరుగా కొలిచినదాని పక్కన పెట్టి, రెండూ ఎందుకు కలవడం లేదని అడగడానికి మాత్రం వాడుకోండి. వంపు మధ్య సెలైనిటీల దగ్గర ఉబ్బితే మూడో నీరు దిగుతోందని, తక్కువ కొస దగ్గర విరిగితే ఈమధ్యే నది విలువ మారిందని, ఎక్కువ కొస దగ్గర విరిగితే సముద్రం మారిందని మొదటి అనుమానం పెట్టుకుని బయల్దేరొచ్చు.

డబ్బు సగానికి కోస్తే ఏం తీసేయాలని అడిగారు. పాయ మధ్యలో స్టేషన్లు తగ్గించండి, నెలనెలా తిరగడం మానేసి నాలుగు సీజన్లకి నాలుగు వరసలు చాలనుకోండి. ధవళేశ్వరం దగ్గరి వారం బాటిల్, మొగ బయటి సముద్రపు బాటిల్, రెండు పెద్ద డ్రెయిన్లు, కాకినాడలోనో యానాంలోనో మేడ మీద ఒక వాన గేజి మాత్రం తీయకండి. వాన గేజిలో నీరు ఆవిరవకుండా సన్నటి గొట్టం ఉన్న రకం పెట్టండి, లేదా పారాఫిన్ నూనె పొర వేయండి. ప్రతి బాటిల్‌కీ తేదీ, గంట, పోటా పాటా, సెలైనిటీ, ఉష్ణోగ్రత, ఆ రోజు బ్యారేజీ నుంచి వదిలిన క్యూసెక్కులు రాసుకోండి. నవంబరు ప్లాట్‌ని పైపొర, అడుగు వేరు వేరు రంగుల్లో మళ్లీ వేసి ఇక్కడ పెడితే చూసి చెప్తాను. డెల్టా-డి కూడా ఉంటే అదీ పెట్టండి.